ఫైబర్ బాడీ హాట్ రాడ్‌లో ఇంజన్ చుట్టూ ఎంత ఖాళీ వదలాలి?

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ శివార్లలోని వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లు బారులు తీరతాయి. 1995లో మొదలైన ఈ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ చూడ్డానికి ఫెర్న్‌డేల్, రాయల్ ఓక్, బర్మింగ్‌హామ్ పొడవునా జనం మడత కుర్చీలు వేసుకుని పొద్దున్నే చోటు పట్టుకుంటారు. చుట్టుపక్కల ట్రాయ్‌లో, నోవైలో ఉంటూ కార్ల కంపెనీల్లో పనిచేసే మన తెలుగువాళ్లూ పిల్లల్ని భుజాలకెత్తుకుని వస్తారు. ఒక ఏడాది అక్కడే, పక్క వీధిలో చెట్టు నీడన ఆపిన నల్లటి 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్ దగ్గర గంటసేపు నిలబడిపోయాను. ఫైబర్‌గ్లాస్ బాడీతో కట్టిన హాట్ రాడ్ అది, అంటే పాత కారు ఆకారంలో ఎక్కువ పవర్ ఇంజన్ పెట్టి కట్టుకున్న కారు.

బానెట్ పక్క రేకులు రెండూ ఊడదీసి గడ్డి మీద పెట్టారు. కారు ఓనరు డెబ్బై దాటిన పెద్దాయన. డాష్‌బోర్డు కిందికి చెయ్యి పోనిచ్చి ఒక చోట తడిమి, ఠక్కున వెనక్కి తీసుకున్నారు. "ఇక్కడ బొటనవేలితో నొక్కి చూడు" అన్నారు. నొక్కాను. రాయిలా గట్టిగా ఉండాల్సిన ఫైబర్ గోడ, ఎండలో పెట్టిన ప్లాస్టిక్ బకెట్ అంచులా కొంచెం లొంగింది. బయటివైపు అదే చోట నల్ల పెయింట్ మీద శనగగింజంత బొబ్బలు నాలుగైదు లేచాయి. వాటి ఎదురుగా, బొటనవేలు పట్టేంత దూరంలో, ఎడమవైపు ఎగ్జాస్ట్ గొట్టం వంపు తిరుగుతోంది.

"బిగించేటప్పుడు చూసుకున్నాను, ఎక్కడా తగల్లేదు" అన్నారాయన. ఆ మాట నిజమే. ఎక్కడా తగల్లేదు. కానీ ఇంజన్ చుట్టూ ఖాళీ వదలడం ఒక పని, వేడిని ఆపడం ఇంకో పని అని విడదీసి చూడ్డంలోనే తేడా వచ్చింది. ఫైబర్ బాడీలో ఈ రెండూ ఒకే పని. అక్కడ ఖాళీ అంటే మిగిలిపోయిన చోటు కాదు, రేడియేటర్ లాగా, గేర్‌బాక్స్ లాగా అదీ ఒక పార్టే. ముందే కొలత వేసి, దానికంటూ చోటు కేటాయించాలి.

ఈ సంగతి పూర్తిగా అర్థం కావాలంటే అసలు ఈ కారులోకి ఆ ఇంజన్ ఎలా వచ్చి కూర్చుందో చూడాలి.

ముందున్నది వెనక్కి వెళ్లింది

1932 ఫోర్డ్‌ని హాట్ రాడ్ ప్రియులు "డ్యూస్" అంటారు. హెన్రీ ఫోర్డ్ మధ్యతరగతి ధరలో వీ8 ఇంజన్, అంటే వీ ఆకారంలో ఎనిమిది సిలిండర్ల ఇంజన్, ఇచ్చిన మొదటి కారు అది. ఇంజన్ సైజు 221 క్యూబిక్ అంగుళాలు, 65 హార్స్ పవర్. ఆ బాడీ ఆకారం ఆ ఒక్క ఏడాదే వచ్చింది. కాబట్టి అసలు ఇనుప బాడీలు దొరకడం కష్టం, దొరికినా తుప్పు, ఖరీదు. అందుకే అచ్చు తీసి పోసిన ఫైబర్ బాడీలు వచ్చాయి. తేలిక, తుప్పు పట్టదు, ధర అందుబాటులో ఉంటుంది. కారు ప్రపంచంలో ఫైబర్‌గ్లాస్‌కి పెద్ద పేరు తెచ్చింది 1953 షెవర్లే కార్వెట్. మిషిగన్‌లోని ఫ్లింట్‌లో ఆ ఏడాది చేత్తో తయారైన 300 కార్వెట్లకూ బాడీ ఫైబర్‌గ్లాసే.

పాత ఫోర్డ్ వీ8ని ఫ్లాట్‌హెడ్ అంటారు. దాని డిస్ట్రిబ్యూటర్, అంటే ఒక్కో సిలిండర్‌కి వంతులవారీగా నిప్పురవ్వ కరెంటు పంచే పరికరం, ఇంజన్ ముందు భాగంలో ఉంటుంది. అందువల్ల ఇంజన్ వెనక భాగానికీ, డ్రైవర్ కాళ్ల ముందుండే ఫైర్‌వాల్‌కీ మధ్య పెద్దగా ఎడం అక్కర్లేదు. ఫోర్డ్ ఇంజనీర్లు ఆ లెక్కతోనే ఫైర్‌వాల్ పెట్టారు.

తర్వాత 1955లో షెవర్లే 265 క్యూబిక్ అంగుళాల వీ8 వచ్చింది. దాని కుటుంబంలోనే 1967లో 350 క్యూబిక్ అంగుళాలది వచ్చింది. చవక, తేలిక, ఏ పాత సామాన్ల యార్డుకి వెళ్లినా దొరికేది, ఏ పార్టు కావాలన్నా కౌంటర్ మీద ఉండేది. హాట్ రాడ్ వాళ్లకి అంతకంటే ఏం కావాలి? ఫోర్డ్ బాడీలో షెవర్లే ఇంజన్ అన్నది మామూలు సంగతైపోయింది. కానీ ఈ ఇంజన్‌కి డిస్ట్రిబ్యూటర్ వెనక ఉంటుంది, సరిగ్గా ఫైర్‌వాల్ ముఖం మీద. 1970ల మధ్యలో షెవర్లే మాతృసంస్థ జనరల్ మోటార్స్ తెచ్చిన ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్‌కైతే నిప్పురవ్వకి కావాల్సిన హై వోల్టేజ్ తయారుచేసే కాయిల్ కూడా మూతలోనే పెట్టారు కాబట్టి మూత వెడల్పు ఇంకా పెరిగింది.

ఇక్కడినుంచి ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. డిస్ట్రిబ్యూటర్ గోడకి తగులుతోందని ఇంజన్‌ని రెండంగుళాలు ముందుకి జరిపారనుకోండి. ఫ్యాన్ వెళ్లి రేడియేటర్‌కి ఆనుకుంటుంది. అప్పుడు పొట్టి వాటర్ పంపు కోసం వెతకాలి. షెవర్లే కార్లలో 1968 దాకా ఎక్కువగా వచ్చింది పొట్టి పంపే, 1969 నుంచి పొడుగుది వచ్చింది. రెండిటికీ తేడా అంగుళం పైచిలుకు. ఆ అంగుళం కోసం జనం పాత పంపులు ఏరుకుంటారు. అదీ చాలకపోతే ఇంజన్ ఫ్యాన్ తీసేసి పల్చటి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెడతారు. అలా చేస్తే గాలి తగ్గే ప్రమాదం ఉంది. అంటే డిస్ట్రిబ్యూటర్ దగ్గర మొదలైన చోటు గొడవ కూలింగ్ గొడవగా మారింది.

సరే, ఇంజన్‌ని జరపకుండా ఫైర్‌వాల్‌నే లోపలికి గుంటలా తోసేద్దాం అంటారా? చాలా ఫైబర్ బాడీలు అలా గుంట ఉన్న ఫైర్‌వాల్‌తోనే వస్తాయి. అప్పుడు డిస్ట్రిబ్యూటర్‌కి చోటు దొరుకుతుంది. కానీ ఆ గుంట లోపలి వైపు ఎవరి కాళ్లున్నాయి? డ్రైవర్ కాళ్లు. పైగా వేడి ఇంజన్‌ని మూడు వైపులా ఫైబర్‌తో చుట్టేసినట్టయింది. గాలి తిరగని మూల ఒకటి తయారవుతుంది. వుడ్‌వర్డ్ మీద చూసిన కారులో బొబ్బలు లేచింది సరిగ్గా అలాంటి గుంట కింది మూలలోనే.

నన్నడిగితే, ఇంకా ఇంజన్ కొనని వాళ్లు ఫోర్డ్ వాళ్ల 302 క్యూబిక్ అంగుళాల వీ8 వైపు ఒకసారి చూడాలి. 302 లాంటి ఫోర్డ్ చిన్న వీ8 (స్మాల్ బ్లాక్) ఇంజన్లకి డిస్ట్రిబ్యూటర్ ముందే ఉంటుంది, వెడల్పు కూడా షెవర్లే కంటే తక్కువ. ఫోర్డ్ బాడీలో ఫోర్డ్ ఇంజన్ ఉందన్న తృప్తి సరేసరి. 1997 కార్వెట్‌తో వచ్చిన షెవర్లే ఎల్‌ఎస్ రకం ఇంజన్లలోనైతే డిస్ట్రిబ్యూటరే లేదు, ఒక్కో సిలిండర్‌కి ఒక్కో కాయిల్. ఫైర్‌వాల్ బాధ అక్కడితో చాలావరకు పోతుంది. కాకపోతే వాటి ఆయిల్ పాన్ ఆకారం ఛాసిస్ అడ్డ కమ్మీకి సరిపోతుందో లేదో చూసుకోవాలి. ముందు ఇంజన్ కొనేసి, తర్వాత చోటు వెతుక్కోవడం వల్లే సగం తలనొప్పులు వస్తాయి. నురుగు ప్లాస్టిక్‌తో చేసిన డమ్మీ ఇంజన్ బ్లాకులు అమ్ముతారు. ఒక మనిషి ఎత్తి ఛాసిస్‌లో పెట్టి, అటూ ఇటూ జరిపి చూసుకోవచ్చు. డమ్మీ బ్లాకు పెట్టినప్పుడు ఎగ్జాస్ట్ హెడర్లు (ఇంజన్‌లోంచి పొగని బయటికి తీసుకెళ్లే గొట్టాలు), స్టీరింగ్ బాక్సు, బ్రేక్ పెడల్ కూడా పెట్టి చూడాలి. ఒట్టి బ్లాకు పట్టినంత మాత్రాన ఇంజన్ పట్టినట్టు కాదు.

ఆపి ఉన్న ఇంజన్ వేరు, లాగుతున్న ఇంజన్ వేరు

గ్యారేజీలో టేపు పెట్టి కొలిచిన ఖాళీ రోడ్డు మీద ఉండదు. ఇంజన్ రబ్బరు మౌంటింగ్‌ల మీద కూర్చుంటుంది. ఎక్సలేటర్ గట్టిగా తొక్కితే అమెరికన్ వీ8 ఇంజన్‌కి ఎడమవైపు, అంటే అక్కడి డ్రైవర్ వైపు, పైకి లేస్తుంది. స్టీరింగ్ రాడ్డు, బ్రేక్ గొట్టాలు, క్లచ్ పెడల్ అన్నీ ఉండేది ఆ వైపే.

ఇది చిన్న సంగతి కాదు. 1971 డిసెంబర్‌లో జనరల్ మోటార్స్ ఇంజన్ మౌంటింగ్ లోపం వల్ల దాదాపు 67 లక్షల షెవర్లే కార్లని, ట్రక్కుల్ని వెనక్కి పిలిచింది. రబ్బరు మౌంటింగ్ ఊడిపోతే ఇంజన్ పైకి లేచి, ఎక్సలేటర్ లింకుని లాగి పట్టేసే ప్రమాదం ఉండేది. ఫ్యాక్టరీలో తయారైన మామూలు కార్ల సంగతే అది. దానికంటే ఎక్కువ పవర్ ఇంజన్‌ని, సగం బరువున్న కారులో, సొంతంగా కట్టిన మౌంటింగ్‌ల మీద పెట్టేవాళ్లు ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి?

కదలికని కొలవడానికి నాకు తెలిసిన మంచి పద్ధతి పిల్లలు ఆడుకునే రంగు బంకమట్టి. అనుమానం ఉన్న ప్రతి చోటా, హెడర్‌కీ స్టీరింగ్ బాక్సుకీ మధ్య, డిస్ట్రిబ్యూటర్ మూతకీ ఫైర్‌వాల్‌కీ మధ్య, గేర్‌బాక్సు పైభాగానికీ ఫ్లోర్ సొరంగానికీ మధ్య, ఆ మట్టి ముద్ద అంటించాలి. ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి, బ్రేకు తొక్కిపట్టి, ఒక్క క్షణం గేర్లో వేసి ఎక్సలేటర్ ఇచ్చి వెంటనే ఆపేయాలి. తర్వాత దిగి చూస్తే ముద్ద ఎక్కడ నలిగిందో, ఎంత మందం మిగిలిందో కనిపిస్తుంది. ముప్పావంగుళం ఉందనుకున్న చోట పావంగుళమే మిగిలిందంటే ఆ పావంగుళాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

ఫైబర్ బాడీలో ఇంకో చిక్కు కూడా ఉంది. గాజు పోగుల్ని పట్టి ఉంచే జిగురులాంటి పాలియెస్టర్ రెసిన్ గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో 5 నుంచి 8 శాతం దాకా కుదించుకుంటుంది. లోపల పరిచిన గాజు పోగుల మ్యాట్ దాన్ని చాలావరకు పట్టి ఉంచుతుంది గానీ పూర్తిగా కాదు. అచ్చులోంచి తొందరగా తీసిన బాడీ ఇంకా కొన్ని వారాలు నెమ్మదిగా గట్టిపడుతూ, సర్దుకుంటూ ఉంటుంది. అందుకే ఎవరో కాగితం మీద ఇచ్చిన కొలతల్ని నమ్మకుండా మీ గ్యారేజీలో ఉన్న బాడీనే కొలవాలి. పెయింట్ వేసే ముందు బాడీని కొన్నాళ్లు ఎండలో ఉంచి పూర్తిగా గట్టిపడనివ్వమని అనుభవం ఉన్నవాళ్లు చెప్పేది కూడా ఇందుకే.

మెత్తబడేది గాజు కాదు

మన కోస్తాలో కాకినాడ నుంచి విశాఖ దాకా చేపల రేవుల్లో "ఫైబర్ బోట్లు" చూసినవాళ్లకి ఈ పదార్థం కొత్తది కాదు. పగిలిన పడవకి మ్యాట్ ముక్కలు పరిచి, రెసిన్‌లో హార్డ్‌నర్ కలిపి బ్రష్షుతో పూస్తుంటే వచ్చే ఘాటు వాసన ఒక్కసారి పీల్చినా మర్చిపోలేం. అది స్టైరీన్ వాసన. హాట్ రాడ్ బాడీ కూడా అదే మ్యాట్, అదే రెసిన్. పడవకి చుట్టూ నీళ్లున్నాయి కాబట్టి వేడి బాధ తక్కువ. కారులో అదే ఫైబర్ పొయ్యి పక్కన కూర్చుంటోంది.

ఫైబర్‌గ్లాస్ అనగానే గాజు కదా, వేడికి ఏమవుతుంది అనుకుంటారు. గాజు పోగులకి నిజంగానే ఏమీ కాదు, అవి మెత్తబడాలంటే 800 డిగ్రీల సెల్సియస్ దాటాలి. ముందుగా లొంగేది వాటిని పట్టి ఉంచే రెసిన్. బాడీలకి ఎక్కువగా వాడే మామూలు పాలియెస్టర్ రెసిన్ రకాన్ని బట్టి 60, 70 డిగ్రీల దగ్గరే బిగువు కోల్పోవడం మొదలుపెడుతుంది. ఐసోఫ్తాలిక్ రకం ఇంకొంచెం ఎక్కువ తట్టుకుంటుంది. వినైల్ ఎస్టర్ రెసిన్ 100 డిగ్రీలు దాటినా నిలబడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి: మండు వేసవిలో నల్ల పెయింట్ వేసిన బాడీ ఎండకే 70 డిగ్రీలకి చేరుతుంది. ఇంకా ఇంజన్ స్టార్ట్ చేయనే లేదు. బాడీ ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఫైర్‌వాల్‌కి, ఫ్లోర్‌కి ఏ రెసిన్ వాడారని అడగడంలో తప్పులేదు, అడిగి తీరాలి.

రెండో గుణం ఇంకా ముఖ్యం. ఇనుప రేకు వేడిని ఫైబర్ కంటే దాదాపు 200 రెట్లు సులువుగా పంచుతుంది. ఇనుప ఫైర్‌వాల్‌కి ఒక చోట ఎగ్జాస్ట్ సెగ తగిలితే ఆ వేడి రేకంతా పాకి, గాలికి పోతుంది. లోపల కూర్చున్నవాళ్ల కాళ్లకీ తెలుస్తుంది, కాబట్టి మనిషి త్వరగా జాగ్రత్తపడతాడు. ఫైబర్ అలా పంచదు. సెగ తగిలిన అరచేతంత మేరలోనే వేడంతా పేరుకుపోతుంది. అటువైపు కాలుతున్నా ఇటువైపు చాలాసేపు గోరువెచ్చగానే ఉంటుంది. ఇనుము ముందే హెచ్చరిస్తుంది, ఫైబర్ ఆలస్యంగా చెబుతుంది. ఆ పెద్దాయనకి తెలిసేసరికి పెయింట్ లేచిపోయింది.

గొట్టం నుంచి గోడ దాకా

ఇంజన్ కాల్చే పెట్రోల్‌లోని శక్తిలో ఇంచుమించు మూడోవంతు ఎగ్జాస్ట్‌లో పోతుంది, మూడోవంతు కూలెంట్‌లోకి పోతుంది, చక్రాలకి చేరేది మిగిలినది. అంటే మీరు 300 హార్స్ పవర్ ఇంజన్ పెట్టారంటే, గట్టిగా తొక్కినప్పుడు ఇంకో 300 హార్స్ పవర్ అంత వేడి ఆ సన్నటి గొట్టాల్లోంచి, ఫైబర్ గోడల పక్కనుంచి పరిగెడుతుంది.

హెడర్ గొట్టం నుంచి వేడి గోడకి చేరేది ఎక్కువగా కిరణాల రూపంలో, గాలి ద్వారా కాదు. చలిమంట దగ్గర కూర్చుంటే ముఖం కాలుతుంది, వీపు చల్లగా ఉంటుంది. గాలి వేడెక్కడం వల్లే అయితే రెండువైపులా వేడిగా ఉండాలి కదా. హెడర్ దగ్గర జరిగేదీ అదే. ఈ కిరణాల వేడి ఉష్ణోగ్రత పెరిగేకొద్దీ విపరీతంగా పెరుగుతుంది, కెల్విన్ డిగ్రీల్లో లెక్కేస్తే నాలుగో ఘాతంలో. గొట్టం పైభాగం 300 డిగ్రీల నుంచి 400 డిగ్రీలకి పెరిగితే అది చిమ్మే వేడి దాదాపు రెట్టింపవుతుంది. ఊరేగింపులో నిదానంగా వెళ్తున్నప్పుడు బాగానే ఉన్న గోడ, హైవే మీద పది నిమిషాలు లాగాక ఎందుకు పొంగుతుందో ఈ లెక్కలోనే ఉంది.

దీనికి మందు కూడా ఇందులోనే ఉంది. గొట్టంలాంటి పొడుగాటి వస్తువు నుంచి దూరం రెట్టింపు చేస్తే గోడకి తగిలే వేడి సుమారు సగమవుతుంది. గొట్టం మధ్యలోంచి రెండంగుళాల దూరంలో ఉన్న గోడని నాలుగంగుళాలకి జరిపితే, ఏ కవచమూ లేకుండానే సగం వేడి పోయినట్టు. అందుకే ఖాళీని పార్టు అన్నాను. డబ్బు పెట్టకుండా, పాడవకుండా, రోజూ పనిచేసే కవచం అది. నా మటుకు, ఫైబర్‌కీ ఎగ్జాస్ట్‌కీ మధ్య రెండంగుళాల కంటే తక్కువ వదలను. రెండే ఉంటే మధ్యలో రేకు తప్పనిసరి.

ఆ రేకు ఎలా పెట్టాలన్నదాంట్లో చాలామంది పొరపాటు పడతారు. మెరిసే అల్యూమినియం రేకు తనమీద పడిన కిరణాల వేడిలో 90 శాతానికి పైగా వెనక్కి తిప్పికొడుతుంది. కానీ దాన్ని నేరుగా ఫైబర్ గోడకి అతికిస్తే సగం లాభం పోతుంది. రేకు తాగిన కాస్త వేడి తిన్నగా గోడలోకి దిగుతుంది. గోడకీ రేకుకీ మధ్య అరంగుళం ఎడం వచ్చేలా చిన్న లోహపు గొట్టాలు పెట్టి, కిందా పైనా తెరిచి బిగించాలి. వేడెక్కిన గాలి పైనుంచి పోతూ, కిందనుంచి చల్లగాలిని లాక్కుంటుంది. అంటే అక్కడ కూడా పని చేసేది ఖాళీయే. ఆయిల్ మరకలు, దుమ్ము పట్టి నల్లబడిన రేకు తిప్పికొట్టడం మానేసి వేడి తాగడం మొదలుపెడుతుంది కాబట్టి అప్పుడప్పుడు తుడవాలి.

హెడర్లకి గుడ్డపట్టీ చుట్టడం గురించి అందరూ అడుగుతారు. అది వేడిని గొట్టంలోనే పట్టి ఉంచుతుంది, గోడకి లాభమే. కానీ పట్టీలో చెమ్మ నిలిచిపోతుంది, మామూలు ఇనుప గొట్టాలు దాని కింద కనిపించకుండా తుప్పు పడతాయి. డబ్బు ఖర్చు పెట్టగలిగితే లోపలా బయటా సిరామిక్ పూత వేయించడం మేలు.

లోపలికొచ్చిన గాలికి బయటికి దారి

రేడియేటర్ గురించి మాట్లాడితే అందరూ ముందువైపే చూస్తారు: ఎన్ని వరుసలు, ఎంత మందం, ఏ ఫ్యాన్ అని. గాలి లోపలికి రావాలంటే ముందు లోపలున్న గాలి బయటికి పోవాలి. 1932 ఫోర్డ్ గ్రిల్ సన్నగా ఉంటుంది, దాని వెనక వెడల్పాటి ఇంజన్, ఇరుకైన ఫైర్‌వాల్ గుంట, పైన బానెట్, పక్కన రేకులు. అన్నీ మూసేస్తే ఫ్యాన్ ఎంత తిరిగినా గాలి అక్కడక్కడే తిరుగుతుంది. టీ బకెట్ రకం హాట్ రాడ్లలో, అంటే పాత ఫోర్డ్ మోడల్ టీ కారు ఆకారంలో బానెట్ లేకుండా ఇంజన్ బయటికి కనిపించేవాటిలో, ఈ బాధ ఎందుకు తక్కువో చెప్పక్కర్లేదు. గొట్టాలు బాడీ బయటి నుంచే వెళ్లిపోతాయి. డ్యూస్‌కి బానెట్ పెట్టాలనుకుంటే పక్క రేకులకి గాలి చీలికలు ఉన్నవే ఎంచుకోవాలి. అసలు ఫోర్డ్ కారుకి కూడా పక్క రేకులకి చీలికలు ఇచ్చారు. అందానికి మాత్రమే అనుకుని నున్నటి రేకులు పెట్టించుకునేవాళ్లున్నారు.

వేడి గొడవ ఈ కారుకి కొత్తగా వచ్చిందేమీ కాదు. ఫ్లాట్‌హెడ్ ఇంజన్‌లో ఎగ్జాస్ట్ దారులు బ్లాకు లోపలినుంచే, నీళ్ల గదుల మధ్యలోంచి వెళ్తాయి. పొగ వేడంతా నీళ్లకి ఎక్కేది. ఆ ఇంజన్ మరిగిపోవడానికి పేరు పడింది అందువల్లే. కొత్త ఇంజన్ ఆ బాధ తీర్చింది గానీ వేడిని నీళ్లలోంచి తీసి గోడల పక్కన పెట్టింది.

ఫ్యాన్ బ్లేడ్లు రేడియేటర్ నుంచి అంగుళం దూరంలో, చుట్టూ గుండ్రటి తొడుగులో సగం లోపల సగం బయట ఉంటే బాగా లాగుతాయి. తొడుగు లేకుండా ఫ్యాన్ ఒక్కటే పెడితే, ఎదురుగా ఉన్నంత మేరే గాలి వస్తుంది, మూలలు ఊరికే ఉంటాయి. కూలెంట్‌లో నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిపి 15 పౌండ్ల ప్రెషర్ మూత పెడితే సుమారు 129 డిగ్రీల దాకా మరగదు. కాబట్టి ముల్లు 100 దాటగానే టెన్షన్ పడి మూత తీయకండి. తీస్తే ప్రెషర్ పోయి ఒక్కసారిగా పొంగి మొహం మీదికి వస్తుంది.

ఆ ముల్లుని నమ్మే ముందు ఇంకోటి చూసుకోవాలి. ఇనుప కారులో బాడీయే ఎర్త్ వైరు. ఫైబర్‌లో కరెంటు పారదు. డాష్‌బోర్డులోని ప్రతి మీటర్‌కీ, ప్రతి లైటుకీ ఎర్త్ వైరు ఛాసిస్ దాకా లాగాలి, ఇంజన్ నుంచి ఛాసిస్‌కి మందపాటి తీగ వేరుగా వేయాలి. ఇది సరిగా లేకపోతే టెంపరేచర్ మీటర్ తప్పు చూపిస్తుంది. హెడ్‌లైట్లు వేయగానే ముల్లు కదిలిందంటే అది ఇంజన్ వేడి కాదు, ఎర్త్ లోపం. రేడియేటర్ మార్చి, ఫ్యాన్ మార్చి, చివరికి ఒక్క తీగ దగ్గర తేలిన కథలు చాలా విన్నాను. పిస్తోలులా పట్టుకునే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో థర్మోస్టాట్ గూడు మీద కొలిచి, మీటర్‌తో పోల్చి చూస్తే ఐదు నిమిషాల్లో తేలిపోతుంది.

సెల్ఫ్ మోటార్ సంగతి కూడా ఇక్కడే. షెవర్లే ఇంజన్‌లో అది కుడివైపు కింద, హెడర్‌కి దగ్గరగా ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు చక్కగా తీసుకుని, పెట్రోల్ బంకులో ఆపాక తీసుకోకపోతే వేడే కారణం. దానికి విడిగా ఒక రేకు తొడుగు వేస్తే చాలావరకు సర్దుకుంటుంది. పెట్రోల్ పైపుని ఎగ్జాస్ట్‌కి దూరంగా ఛాసిస్ అవతలి వైపునుంచి తీసుకెళ్లాలి. కార్బురేటర్ కింద వేడి పాకని మందపాటి దిమ్మ పెట్టాలి. లేకపోతే ఆపిన పది నిమిషాలకి పెట్రోల్ గిన్నెలోనే మరుగుతుంది. ఫైబర్ బాడీలో పెట్రోల్ లీకు విషయంలో రాజీ వద్దు. పాలియెస్టర్ అంటుకుంటే నల్లటి దట్టమైన పొగతో వేగంగా మండుతుంది. ఫైర్‌వాల్‌కి ఇంజన్ వైపు ఇనుప రేకు తొడిగించడం, చేతికందే చోట ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టడం ఖర్చు అనిపించకూడదు.

ఆపాక పావుగంట

ఆ పెద్దాయనతో మాట్లాడుతూ ఉండగా ఆయన ఒక మంచి మాటన్నారు. రోడ్డు మీద నడుస్తున్నంతసేపూ లోపల అంత వేడి అనిపించలేదట, చెట్టు కింద ఆపాకే డాష్ కింద కాలడం మొదలైందట. ఆశ్చర్యమేం లేదు. ఇంజన్ ఆగితే వాటర్ పంపు ఆగుతుంది, ఫ్యాన్ ఆగుతుంది, ఎదురుగాలి ఆగుతుంది. కానీ బ్లాకులో, హెడర్లలో ఉన్న వేడి ఎక్కడికీ పోలేదు. తర్వాతి పది, ఇరవై నిమిషాలు అది చుట్టూ ఉన్నవాటిలోకి ఇంకుతూనే ఉంటుంది. గోడకి అసలు పరీక్ష అదే.

అందుకే కారు పూర్తయ్యాక, పెయింట్ వేయక ముందు, ఈ పని చేయండి. ఒకసారి వేడి తగిలితే శాశ్వతంగా నల్లబడే టెంపరేచర్ స్టిక్కర్లు దొరుకుతాయి, ఒక్కో గడి ఒక్కో ఉష్ణోగ్రతకి. వాటిని ఫైర్‌వాల్ మీద హెడర్‌కి ఎదురుగా, డిస్ట్రిబ్యూటర్ గుంటలో, గేర్‌బాక్సు సొరంగం మీద, ఎగ్జాస్ట్ వెళ్లే చోట ఫ్లోర్ కింద అంటించండి. మీ ఊళ్లో బాగా ఎండ కాసే రోజు చూసుకుని, అరగంట హైవే మీద నడిపి, అరగంట ట్రాఫిక్‌లో నిలిపి, బానెట్ మూసే ఉంచి ఆపేయండి. ఇరవై నిమిషాల తర్వాత బానెట్ ఎత్తి స్టిక్కర్లు చూడండి. 60 గడి నల్లబడిన చోట రేకు కావాలి, లేదా గొట్టం జరగాలి. 80 నల్లబడిందంటే హెడర్లు మార్చాల్సిందే.

ఆ నల్ల డ్యూస్‌కి ఆ పూట చేయగలిగింది తక్కువే. పక్కనే ఉన్న ఇంకో కారు ఆయన అల్యూమినియం రేకు ముక్క, నాలుగు పొడుగు బోల్టులు ఇచ్చారు. పొడుగు సాకెట్లని అడ్డుగా పెట్టి ఆ రేకుని గోడకి అరంగుళం ఎడంగా బిగించారు. పక్క రేకులు తిరిగి పెట్టకుండా, వెనక సీటు కింద దోపుకున్నారు. సాయంత్రం నాలుగు దాటాక మళ్లీ బయల్దేరారు. వెళ్లే ముందు ఇంకోసారి డాష్ కిందికి చెయ్యి పెట్టి, ఈసారి అక్కడే ఉంచి, పది అంకెలు లెక్కపెట్టారు.